స్వతంత్ర బుద్ధి ఎక్కువైతే చర్చి ఖాళీ అవుతుందా? గాజువాక సిస్టర్‌కి నా సమాధానం

సిస్టర్, వందనాలు. మీ ప్రశ్నకి రెండు ముక్కల్లో జవాబిచ్చి ఊరుకోవాలనిపించలేదు, అందుకే కాస్త పెద్దదే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి. మిగతావాళ్ల కోసం ప్రశ్న ఏంటో ముందు చెప్పేస్తాను. ఈ సిస్టర్ అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం పోర్ట్‌ల్యాండ్‌లో ఉంటున్న కొడుకు దగ్గరికి వెళ్లి వచ్చారు. అక్కడ ఆదివారం ఒక పెద్ద పాత చర్చికి వెళ్తే ముప్పై మంది కూడా లేరట, ఉన్నవాళ్లంతా పెద్ద వయసువాళ్లేనట. ఇక్కడ గాజువాకలో వాళ్ల సంఘంలో రెండు ఆరాధనలు పెట్టినా ఆలస్యంగా వెళ్తే బయట షామియానా కింద కూర్చోవాల్సిందే. తిరిగొచ్చి పాస్టరుగారిని అడిగితే, "అక్కడి జనానికి స్వతంత్ర బుద్ధి ఎక్కువ, ఎవరి మాటా వినరు, అందుకే దేవుణ్ణి వదిలేశారు" అన్నారట. అది నిజమేనా, మా అబ్బాయి కూడా మానేశాడు, ఏం చెయ్యాలి అని అడిగారు.

నేను ఉత్తరాంధ్ర సంఘాల్లో కాపరిగా పనిచేసి, తర్వాత చాలాకాలం ఇక్కడే విశాఖలో కాపరి శిక్షణకి వచ్చే కుర్రాళ్లకి సంఘ చరిత్ర పాఠం చెప్పాను. పాస్టరుగారి మాటలో కొంత నిజం ఉంది. స్వతంత్ర బుద్ధికీ ఖాళీ బెంచీలకీ సంబంధం లేకపోలేదు, కానీ ఆయన అనుకున్నంత నేరుగా లేదు. ఒక ప్రాంతం జనం మా కాళ్ల మీద మేం నిలబడతాం అని గట్టిగా అనుకున్న రోజుల్లో చర్చి ఎవరి పక్కన నిలబడింది? జనం పక్కనా, జనం మీద పెత్తనం చేసేవాళ్ల పక్కనా? నన్నడిగితే ముందు చూడాల్సింది ఇది. దాని తర్వాత, ఆ ఊరికి జనం ఎలా వచ్చి చేరారు, కుటుంబాలతో వచ్చారా, ఒంటరిగా వచ్చారా అన్నది చూడాలి. మిగతా కారణాలు ఈ రెండింటి తర్వాతే.

ముందు మన దేశమే చూడండి. నాగాలు, మిజోల కంటే స్వతంత్ర బుద్ధి ఉన్నవాళ్లు మనకి తెలిసి ఎవరున్నారు? ఢిల్లీతో దశాబ్దాలపాటు తుపాకులు పట్టుకుని పోరాడినవాళ్లు. కానీ 2011 జనాభా లెక్కల ప్రకారం నాగాలాండ్‌లో దాదాపు 88 శాతం, మిజోరంలో 87 శాతం క్రైస్తవులే. మిజోరం రాజధాని ఐజాల్‌లో ఆదివారం వెళ్తే షాపులు మూసి ఉంటాయి, ఊరు ఊరంతా మందిరాల్లోనే ఉంటుంది. ఎందుకలా? 1894లో లొరైన్, సావిడ్జ్ అనే ఇద్దరు మిషనరీలు అక్కడికి వెళ్లి మిజో భాషకి లిపి తయారుచేశారు. చదువు, పుస్తకం, పాట అన్నీ ఆ ప్రజల సొంత భాషలో చర్చి ద్వారానే వచ్చాయి. 1966లో మిజో తిరుగుబాటు మొదలైనప్పుడు ఐజాల్ మీద మన సొంత విమానాలే బాంబులు వేశాయి, ఊళ్లకి ఊళ్లు ఖాళీ చేయించి రోడ్ల పక్కన కొత్త శిబిరాల్లో పెట్టారు. ఆ కష్టకాలంలో జనంతో ఉన్నది చర్చి. 1986 శాంతి ఒప్పందానికి ముందు రెండు పక్షాల మధ్యా మాట్లాడినవాళ్లలో చర్చి పెద్దలున్నారు. మిజోరంలో "నేను మిజోని" అనడానికీ "నేను సంఘంలో ఉన్నాను" అనడానికీ పెద్ద తేడా లేకుండా పోయింది. అక్కడ స్వతంత్ర బుద్ధే మందిరాన్ని నింపింది, మరి పాస్టరుగారి లెక్క ఇక్కడ ఎలా నిలుస్తుంది?

ఇప్పుడు మీ అబ్బాయి ఉన్న ఒరెగాన్‌కి వద్దాం. మీరు గమనించాల్సింది ఏంటంటే, అక్కడ జనం చర్చిని "వదిలేశారు" అనడమే పూర్తిగా సరి కాదు. ఒరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాల్లో తెల్లవాళ్లు స్థిరపడిన తొలి రోజుల నుంచీ చర్చి సభ్యత్వం మిగతా దేశం కంటే తక్కువే. నిండుగా ఉండి ఖాళీ అయిన చోటు కాదది, ఎప్పుడూ నిండని చోటు. 1850లో అమెరికా ప్రభుత్వం ఒరెగాన్‌లో భూమి పంచింది. పెళ్లికాని మగవాడికి 320 ఎకరాలు, భార్యాభర్తలకి కలిపి 640 ఎకరాలు. వినడానికి బాగానే ఉంది, కానీ ఒక్కసారి ఊహించుకోండి, మీ పొలం గట్టు నుంచి పక్కింటికి వెళ్లాలంటే మైలు నడవాలి, వానాకాలం నెలల తరబడి ఉంటుంది, రోడ్డు లేదు. మన ఊళ్లలో మందిరం పేట మధ్యలో ఉంటుంది, గంట కొడితే అందరికీ వినపడుతుంది. అక్కడ గంట కొడితే ఎవరికి వినపడాలి?

రెండోది, అక్కడికి పనుల కోసం వచ్చినవాళ్లలో చాలామంది ఒంటరి మగవాళ్లు. కలప కొట్టేవాళ్లు, గనుల్లో పనికి వచ్చినవాళ్లు, చేపల పడవలవాళ్లు, రైలు పట్టాలు వేసేవాళ్లు. ఈ సీజన్‌లో ఇక్కడ, వచ్చే సీజన్‌లో ఇంకెక్కడో. వాషింగ్టన్‌లోని సియాటెల్‌లో ఆడవాళ్లు ఎంత తక్కువగా ఉండేవారంటే, 1864లో ఏసా మెర్సర్ అనే ఆయన తూర్పు రాష్ట్రాలకి వెళ్లి, టీచర్ ఉద్యోగాలిస్తామని చెప్పి పెళ్లికాని యువతుల్ని ఓడలో తీసుకొచ్చాడు. సంఘంలో పనిచేసిన ఎవరినైనా అడగండి, మందిరాన్ని నిలబెట్టేది ఎవరని. ప్రసంగం చెప్పేది అయ్యగారే కావచ్చు, కానీ స్త్రీల సమాజం, సండే స్కూలు, జబ్బు పడినవాళ్ల ఇంటికి వెళ్లి ప్రార్థన, శుక్రవారం ఉపవాస కూడిక, ఇవన్నీ నడిపించేది అమ్మలే, అమ్మమ్మలే. అమ్మమ్మ లేని చోట పిల్లవాణ్ణి ఆదివారం పొద్దున్నే లేపి తల దువ్వేది ఎవరు?

ఇంకో సంగతి. అమెరికాలో ప్రతి ప్రాంతానికీ ఒక పెద్ద చర్చి ఉంటుంది. దక్షిణాన బాప్టిస్టులు, మిన్నెసోటాలో లూథరన్లు, యూటాలో మోర్మన్లు అనే, అమెరికాలోనే పుట్టిన శాఖవాళ్లు. ఒక్క చర్చే పెద్దగా ఉన్న ఊళ్లో వెళ్లకపోతే పక్కింటివాళ్లు అడుగుతారు, పెళ్లి సంబంధం దగ్గర అడుగుతారు, వ్యాపారం దగ్గర కూడా అడుగుతారు. ఒరెగాన్, వాషింగ్టన్ ఉన్న పసిఫిక్ ఒడ్డున అలా ఏ ఒక్క చర్చీ పెద్దది కాలేదు, అన్నీ చిన్నవే. కాబట్టి ఎవరూ ఎవర్నీ అడగరు. అడగకపోవడమే అక్కడ మర్యాద. మన మర్యాదకి ఇది పూర్తిగా తలకిందులు. ఇక్కడ రెండు ఆదివారాలు కనపడకపోతే "ఏమ్మా, ఒంట్లో బాగోలేదా" అని ఫోన్ వస్తుంది, మూడో వారం పెద్దలు ఇంటికే వస్తారు.

సరే, వలస వచ్చినవాళ్ల ఊరు కాబట్టి చర్చి బలహీనం అంటే, మన విశాఖ సంగతేంటి అని మీరు అడగాలి. అడగాల్సిన ప్రశ్నే. మన ఊరూ వలసల ఊరే కదా. 1933లో పోర్టు తెరిచాక, ఆ తర్వాత షిప్‌యార్డు, రిఫైనరీ, బీహెచ్‌పీవీ, నేవీ, చివరికి స్టీలు ప్లాంటు, ఒక్కో ఫ్యాక్టరీకి ఒక్కో అల జనం వచ్చారు. శ్రీకాకుళం, విజయనగరం నుంచి, గోదావరి జిల్లాల నుంచి, గుంటూరు, ప్రకాశం వైపు నుంచి. అయితే వాళ్లు ఒంటరిగా వచ్చి ఒంటరిగా మిగిలిపోలేదు. ముందు అన్న వచ్చాడు, తర్వాత తమ్ముణ్ణి పిలిచాడు, బావమరిదికి కాంట్రాక్టు పని చూపించాడు, ఆర్నెల్లలో అమ్మా నాన్నా కూడా వచ్చేశారు. గాజువాక, మల్కాపురం, గోపాలపట్నం వైపు ఎన్నో సంఘాలు ఇలాగే, ఎవరో ఒకరి క్వార్టర్ ముందుగదిలో శనివారం సాయంత్రం కుటుంబ ప్రార్థనగా మొదలయ్యాయి. ముందు చాపలు, తర్వాత రేకుల షెడ్డు, తర్వాత స్లాబు. ఉత్తరాలూ ఫోన్లూ తక్కువైన రోజుల్లో ఊరి కబురు, అద్దె ఇల్లు, పిల్లకి సంబంధం, అర్ధరాత్రి కేజీహెచ్ ఆసుపత్రికి తోడు వెళ్లే మనిషి, అన్నీ ఆ ముందుగదిలోనే దొరికేవి. ఆ రోజుల్లో సంఘం లేకుండా కొత్త ఊళ్లో బతకడం కష్టం. ఒరెగాన్‌లో కలప కొట్టడానికి వచ్చినవాడికి ఇదేదీ దొరకలేదు.

ఇప్పుడు అమెరికాలో ఇంకో మూలకి, ఈశాన్యంలో ఉన్న వెర్మాంట్ అనే చిన్న రాష్ట్రానికి వెళ్దాం, నాకు ఈ విషయంలో అన్నిటికంటే ఆసక్తి కలిగించేది అదే. 2014లో గాలప్ సంస్థ చేసిన సర్వేలో వారం వారం చర్చికి వెళ్తామన్నవాళ్లు వెర్మాంట్‌లో 17 శాతం, దేశంలో అందరికంటే తక్కువ. అందరికంటే ఎక్కువ యూటాలో, 51 శాతం. ఒరెగాన్, వాషింగ్టన్ పావు వంతుకి అటూ ఇటూ. వెర్మాంట్ స్వతంత్ర బుద్ధికి పెట్టింది పేరు, 1777 నుంచి 1791 దాకా ఎవరి కిందా లేకుండా సొంత గణతంత్రంగా ఉంది. ఆ పోరాటానికి నాయకుడైన ఈథన్ అలెన్ బైబిలునీ పాదిరీలనీ ప్రశ్నిస్తూ పుస్తకం కూడా రాశాడు. ఇంతవరకు చూస్తే పాస్టరుగారి మాటే నిజమనిపిస్తుంది. కానీ మోర్మన్ శాఖని మొదలుపెట్టిన జోసెఫ్ స్మిత్, ఆ జనాన్ని యూటాకి నడిపించిన బ్రిగమ్ యంగ్, ఇద్దరూ పుట్టింది వెర్మాంట్‌లోనే! ఒకరు 1805లో, ఇంకొకరు 1801లో. వాళ్ల సిద్ధాంతంతో మనకి పొత్తు కుదరదు, అది వేరే సంగతి. ఒకే కొండల్లో పుట్టిన ఒకే మొండితనం, ఒకచోట చర్చి గడప తొక్కనివ్వలేదు, ఇంకోచోట సగం రాష్ట్రాన్ని ఆదివారం చర్చిలో కూర్చోబెట్టింది. యూటా వెళ్లినవాళ్లు కుటుంబాలతో, గుంపుగా, తమని తరిమినవాళ్ల నుంచి తప్పించుకుని వెళ్లారు. ఆ కష్టంలో చర్చీ జనమూ ఒకటే అయ్యాయి.

వెర్మాంట్ చుట్టుపక్కల, న్యూ ఇంగ్లండ్ అనే ఆ ఈశాన్య మూల రాష్ట్రాల్లో చాలాచోట్ల, ఏం జరిగిందో కూడా చెప్పాలి. అక్కడ చాలాకాలం కాంగ్రెగేషనల్ అనే ప్రొటెస్టంట్ శాఖ చర్చికి ఊరి పన్నుతో జీతాలిచ్చేవాళ్లు. మీరు బాప్టిస్టు అయినా సరే, ఆ చర్చి పాదిరీకి మీరు పన్ను కట్టాలి, కట్టకపోతే ఆవునో గిన్నెలనో జప్తు చేస్తారు, ఒక్కోసారి జైలు. బాప్టిస్టు బోధకుడు ఐజాక్ బాకస్ వాళ్లమ్మ వితంతువు, ఆమెని 1752లో కనెక్టికట్‌లో ఆ పన్ను విషయంలో జైల్లో పెట్టారు. వెర్మాంట్‌లో ఈ పద్ధతి 1807లో పోయింది, న్యూ హాంప్‌షైర్‌లో 1819లో, మసాచుసెట్స్‌లో అయితే 1833 దాకా సాగింది. కానుక అనేది మనసుతో ఇచ్చేది, దాన్ని అమీనా వచ్చి వసూలు చేస్తే ఆ ఇంటి పిల్లలకి చర్చి అంటే ఏం గుర్తుంటుంది? దీని ఒక్కదానివల్లే ఇప్పటి ఖాళీ అని నేననను, మధ్యలో మంచి ఉజ్జీవాలూ వచ్చాయి, తర్వాత కొండ ఊళ్ల నుంచి యువకులు పనులకోసం వెళ్లిపోవడం జరిగింది, 1960ల తర్వాత నగరాల నుంచి కొత్తవాళ్లు వచ్చి చేరడం జరిగింది. కానీ చర్చి అంటే ఊళ్లో పెద్దమనుషుల సంస్థ అన్న భావన అక్కడ ఎప్పుడూ పూర్తిగా పోలేదు.

ఐరోపాలో ఈ లెక్క ఇంకా స్పష్టంగా కనపడుతుంది. చెక్ దేశం, పోలండ్ పక్కపక్కనే ఉంటాయి. భాషలు దగ్గరివి, రెండింటిలోనూ 40 ఏళ్లు కమ్యూనిస్టు ప్రభుత్వం ఉంది. పోలండ్‌లో చర్చిలు నిండుగా ఉండేవి, చెక్ దేశంలో 2011 లెక్కల్లో రోమన్ క్యాథలిక్ అని రాయించుకున్నవాళ్లు 10 శాతం చిల్లర. కమ్యూనిజమే కారణం అయితే రెండూ ఒకలాగే ఉండాలి కదా. వెనక్కి వెళ్లి చూడండి. చెక్ ప్రజల సొంత భాషలో బోధించిన యాన్ హుస్‌ని 1415లో చర్చి సభే తీర్పు చెప్పి సజీవంగా కాల్పించింది. రెండు వందల ఏళ్ల తర్వాత, 1620లో ప్రాగ్ దగ్గర తెల్లకొండ యుద్ధంలో చెక్ ప్రొటెస్టంట్లు ఓడిపోయారు. మరుసటి ఏడాది ప్రాగ్ పాత ఊరి కూడలిలో 27 మంది నాయకుల్ని చంపేశారు, మిగతావాళ్లకి రాజు మతంలోకి రండి లేదా దేశం వదిలి పొండి అన్నారు. అప్పటి నుంచి క్యాథలిక్ చర్చి అంటే వియన్నాలో కూర్చున్న హాబ్స్‌బర్గ్ రాజు చర్చి. అందుకే 1918లో స్వతంత్రం వచ్చిన వారం లోపే జనం అదే కూడలిలో ఉన్న మరియమ్మ స్తంభాన్ని తాళ్లు కట్టి పడగొట్టారు. నిజానికి వాళ్ల కోపం మరియమ్మ మీద కాదు, ఆ స్తంభంలో వాళ్లకి రాజు కనపడ్డాడు. తర్వాత కొద్ది ఏళ్లలో పది లక్షలకి పైగా జనం క్యాథలిక్ చర్చి వదిలి బయటికి వచ్చారు. ఇదంతా కమ్యూనిస్టులు 1948లో రాకముందే.

పోలండ్‌లో సరిగ్గా ఎదురు. ఆ దేశాన్ని పంచుకున్నవాళ్లలో రష్యాది ఆర్థడాక్స్ మతం, ప్రష్యాది ప్రొటెస్టంట్. కాబట్టి పోలిష్ భాషనీ జాతినీ దాచుకున్న చోటు క్యాథలిక్ చర్చి. 1980లో గ్డాన్స్క్ షిప్‌యార్డులో కార్మికులు సమ్మె చేస్తే యార్డులోనే పూజ జరిగింది, గేటు మీద పోపు ఫొటో పెట్టుకున్నారు. షిప్‌యార్డు ఊళ్లో ఉన్నవాళ్లం, ఉక్కు ఉద్యమం చూసినవాళ్లం, మనకి ఆ దృశ్యం బాగానే అర్థమవుతుంది. అయితే పోలండ్ కథ అక్కడితో ఆగలేదు. కమ్యూనిస్టు పాలన పోయాక చర్చి ప్రభుత్వంతో చేతులు కలిపి చట్టాల్లో తలదూర్చడం పెరిగింది, ఈమధ్య అక్కడి యువకులు కూడా వేగంగా దూరమవుతున్నారు.

కెనడాలో క్యూబెక్‌ది కూడా ఇలాంటి మలుపే. ఇంగ్లిష్‌వాళ్ల చేతిలో ఓడిపోయిన ఫ్రెంచి జనానికి రెండు వందల ఏళ్లపాటు చర్చే అండ. బడి చర్చిది, ఆసుపత్రి చర్చిది, భాష నిలిచింది చర్చి వల్ల. 1950ల దాకా ఆదివారం పూజకి వెళ్లేవాళ్లు 80 శాతం పైనే. 1960లో జాన్ లెసాజ్ ప్రభుత్వం వచ్చాక ఆసుపత్రుల ఖర్చు ప్రభుత్వం తీసుకుంది, 1964లో విద్యాశాఖ పెట్టింది, చదువు చర్చి చేతిలోంచి పోయింది. ఒక తరం తిరిగేసరికి చర్చిలు ఖాళీ. ఫ్రెంచి స్వాభిమానం తగ్గలేదు, ఇంకా పెరిగింది, కానీ దాన్ని మోసే పని చర్చి నుంచి ప్రభుత్వానికీ భాషా చట్టానికీ మారింది. నాకు క్యూబెక్ చదివినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది, ఎందుకంటే అక్కడ చర్చి మొదట్లో జనం పక్కనే ఉంది. కానీ పెత్తనం అలవాటై, ఆడవాళ్ల మీద, చదువు మీద, ఓటు మీద కూడా చెయ్యి వేసింది, బలమైన రోజుల్లో వదులుకోవాల్సింది వదులుకోలేకపోయింది.

బ్రిటన్‌లో ఒక భాగమైన వేల్స్ సంగతి క్లుప్తంగా చెప్తాను. అక్కడ రాజుగారి ఆంగ్లికన్ చర్చి ఇంగ్లిష్‌లో మాట్లాడితే, గని కార్మికుల చాపెల్‌లు, అంటే ఆ చర్చికి చెందని చిన్న చిన్న మందిరాలు, వాళ్ల సొంత భాష వెల్ష్‌లో పాడాయి. జనం చాపెల్‌లు నింపారు, 1904 ఉజ్జీవం అక్కడిదే, దాని వేడి మన మేఘాలయలోని ఖాసీ కొండల దాకా తగిలింది. మరి అదే వేల్స్‌లో 2021 లెక్కల్లో ఏ మతమూ లేదన్నవాళ్లు 46.5 శాతం. గనులు మూతపడ్డాయి, యూనియన్లూ ప్రభుత్వ ఆసుపత్రులూ చాపెల్ చేసే పని తీసుకున్నాయి, కొత్త తరం ఇంగ్లిష్‌లోకి మారింది. చాపెల్ మాత్రం ఆదివారం సారా దుకాణాలు తెరవొద్దన్న పోరాటం దగ్గరే చాలాకాలం ఆగిపోయింది. ఒక జిల్లాలో అయితే 1996 దాకా ఆ నిషేధం నడిచింది. కుర్రాళ్లకి చాపెల్ అంటే "వద్దు" అనే మాట ఒక్కటే మిగిలింది.

మన దగ్గరికి వద్దాం. తెలుగునాట ప్రొటెస్టంట్ మిషన్ మొదట పెట్టింది మన ఊళ్లోనే, 1805లో లండన్ మిషన్ నుంచి క్రాన్, డెగ్రాంజస్ అనే ఇద్దరు విశాఖపట్నంలో దిగారు. తెలుగు నేర్చుకుని సువార్తలు అనువాదం మొదలుపెట్టి, అయిదారేళ్లలో ఇద్దరూ చనిపోయారు. ఆ తర్వాత కూడా దశాబ్దాలపాటు ఇక్కడ సంఘం పెద్దగా పెరగలేదు. దొరల చర్చి అనే అనుకున్నారు. తెలుగునాట పెద్ద కదలిక వచ్చింది ఒంగోలు వైపు. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని పేదలకి పని ఇచ్చాడు. తిండి కోసం బాప్తిస్మం తీసుకున్నారన్న మాట రాకూడదని కరువు పోయేదాకా బాప్తిస్మాలు ఆపాడు, తర్వాత 1878 జూలైలో ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. వాళ్లు ఒక్కొక్కరుగా రాలేదు, పేటలకి పేటలు వచ్చాయి. ఊరి బావి దగ్గరికి రానివ్వని మనిషికి బెంచీ మీద కూర్చునే చోటు, పలక, పేరు దొరికాయి. మన సంఘాల్లో హాజరు బలంగా ఉండటానికి వేరు ఇక్కడ ఉంది. మన పెద్దల స్వతంత్ర బుద్ధే వాళ్లని మందిరానికి నడిపించింది. ఆ తర్వాత మిషన్ దొరల పెత్తనం నచ్చనివాళ్లు కూడా విశ్వాసం వదల్లేదు, సొంత సంఘాలు పెట్టుకున్నారు. సువార్తికుడు భక్త్ సింగ్ గారు 1950లో హైదరాబాదులో హెబ్రోను అనే సంఘం మొదలుపెట్టడం, తర్వాత వీధి వీధికీ వచ్చిన స్వతంత్ర సంఘాలు, ఇదంతా ఆ దారిలోదే.

ఇక్కడ లెక్కల గురించి ఒక జాగ్రత్త. హాజరు వేరు, రికార్డు వేరు, విశ్వాసం వేరు. స్వీడన్‌లో దాదాపు సగం జనం చర్చి సభ్యులుగా కాగితం మీద ఉంటారు, ఆదివారం వెళ్లేవాళ్లు చాలా కొద్దిమంది. మన దగ్గర తిరగేసి చూడండి, 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.34 శాతమే అని లెక్క, కానీ 1950 నాటి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడని రాయించుకుంటే ఎస్సీ హోదా పోతుంది కాబట్టి మందిరానికి వచ్చేవాళ్లంతా కాగితం మీద కనపడరు. అమెరికాలో ఇంకో చిక్కు, సర్వేలో "వెళ్తాం" అని చెప్పేవాళ్ల కంటే నిజంగా లోపల కూర్చున్నవాళ్లు బాగా తక్కువ ఉంటారని 1990ల్లోనే పరిశోధకులు తలలు లెక్కపెట్టి చూపించారు. ఒరెగాన్‌లో చర్చికి వెళ్లనివాళ్లలో కూడా దేవుణ్ణి నమ్మేవాళ్లు, రాత్రి పడుకునే ముందు ప్రార్థన చేసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఖాళీ బెంచీ చూసి వాళ్ల హృదయం ఖాళీ అని తీర్పు చెప్పకూడదు, దయచేసి.

పాస్టరుగారికి నేను గౌరవంగా చెప్పదలచుకున్నది ఒకటుంది. పోర్ట్‌ల్యాండ్ గురించి మాట్లాడేటప్పుడు మన కిందికి కూడా చూసుకోవాలి. మన సంఘాల్లో పిల్లలు బెంగళూరు, హైదరాబాదు వెళ్తున్నారు, ఒంటరిగా, పీజీ హాస్టళ్లకి, అంటే ఒరెగాన్ కలప కూలీలు వెళ్లినట్టే, అమ్మమ్మ లేకుండా. ఇక్కడున్న పిల్లలు మిషన్ ఆస్తుల కేసులు చూస్తున్నారు, కానుకల లెక్క అడిగినవాణ్ణి పక్కన పెట్టడం చూస్తున్నారు, ఎన్నికలొస్తే వేదిక ఎక్కించే నాయకుల్ని చూస్తున్నారు, ఫలానా కులంవాళ్ల చర్చి అన్న మాట వింటున్నారు. వాళ్లు గట్టిగా ప్రశ్న అడిగితే "తిరుగుబాటు ఆత్మ" అని ఒక ముద్ర వేసేస్తున్నాం. నాకు ఇది చాలా బాధగా ఉంటుంది. అడిగే పిల్లవాడు ఇంకా మనతోనే ఉన్నాడు. చెక్ దేశంలోనూ, క్యూబెక్‌లోనూ అడిగినవాళ్ల నోరు మూయించినప్పుడే దూరం మొదలైంది. సంవత్సరానికోసారి జమా ఖర్చు గోడకి అంటించండి, కమిటీలో పాతికేళ్లవాళ్లని ఇద్దరిని కూర్చోబెట్టండి, ఊరు మారే ప్రతి పిల్లవాడి చేతిలో వెళ్లే ఊళ్లో ఒక మనిషి ఫోన్ నంబరు పెట్టి పంపండి. స్లాబు మీద ఇంకో అంతస్తు వెయ్యడం కంటే ఇవి ముందు.

ఇక మీ అబ్బాయి. సిస్టర్, ప్రతి ఆదివారం రాత్రి ఫోన్ చేసి "చర్చికి వెళ్లావా" అని అడగడం ఆపండి. అవునని అబద్ధం చెప్పడం అలవాటవుతుంది, తర్వాత ఫోనే ఎత్తడు. వాడు మానేసింది దేవుణ్ణా, చర్చినా, లేక తెలియని మనుషుల మధ్య ఒక్కడూ కూర్చోవడాన్నా, అది కనుక్కోండి. చాలామంది కుర్రాళ్ల విషయంలో మూడోదే అవుతుంది, ఇక్కడ పాతికమంది పేరు పెట్టి పిలిచే మందిరం నుంచి వెళ్లి అక్కడ ఎవరూ పలకరించని హాల్లో కూర్చుంటే ఎవరికైనా రెండో వారం కాళ్లు సాగవు. ముందు మనుషుల్ని వెతకమనండి, భవనం తర్వాత. అమెరికా నగరాల్లో మన తెలుగువాళ్లు ఇళ్లల్లో ప్రార్థన కూడికలు పెట్టుకుంటుంటారు, భోజనం కూడా పెడతారు, అక్కడ మొదలుపెట్టొచ్చు. తెలుగువాళ్లతోనే ఉండిపోవాలని కూడా లేదు. మీరు వెళ్లిన ఆ ముప్పై మంది చర్చి ఉంది కదా, అలాంటి చిన్న సంఘాలు చాలాచోట్ల ఆకలితో వచ్చినవాళ్లకి భోజనం పెట్టడం, ఇల్లు లేనివాళ్లకి దుప్పట్లివ్వడం లాంటి పనులు చేస్తుంటాయి, వాళ్లకి బరువులెత్తే కుర్రాళ్లు కావాలి. ఆరాధనకి రానన్న పిల్లవాడు శనివారం వంటసాయానికి వస్తాడు, ఇది నేను ఇక్కడి సంఘాల్లో చూసిందే. ఒక పెద్దావిడ రెండోసారి పేరు పెట్టి పిలిస్తే ఆదివారం సంగతి వాడే ఆలోచించుకుంటాడు. రెండు మూడు నెలలు ఏమీ అనకుండా ఓపిక పట్టండి, ఈలోగా వాడు పోర్ట్‌ల్యాండ్‌లో ఏ వైపు ఉంటాడో నాకు చెప్తే, అక్కడున్న మనవాళ్ల ద్వారా దగ్గర్లో కూడిక ఎక్కడ జరుగుతుందో కనుక్కుని మీకు చెప్తాను.